స్టోరేజ్ మార్చే రాత్రి ఫెయిలోవర్ ఎవరి చేతిలో ఉండాలి?

ఆ శనివారం రాత్రి స్టోరేజ్ బాక్సు తన పని తాను సరిగ్గానే చేసింది. మా సర్వర్ల డేటా అంతా ఉండే డిస్కుల పెట్టె అది, దాన్ని నడిపే కంట్రోలర్లు రెండు. మొదటి కంట్రోలర్‌కు కొత్త ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించగానే అది రీబూట్ అయింది, డిస్కు దారులు రెండో కంట్రోలర్ మీదికి మళ్లడం మొదలైంది. పూర్తిగా మళ్లడానికి రెండు నిమిషాల పైచిలుకు పట్టింది. ఒక సర్వర్ పడిపోతే పనిని రెండోదాని మీదికి మార్చే (దీన్నే ఫెయిలోవర్ అంటారు) మా పేస్‌మేకర్ క్లస్టర్ ఆ రెండు నిమిషాలు ఆగలేకపోయింది.

ఫైల్‌సిస్టమ్ బాగుందో లేదో చూడటానికి 20 సెకన్లకు ఒకసారి ఒక చిన్న ఫైలు రాసి, చదివే తనిఖీ పెట్టుకున్నాం. దాని గడువు 40 సెకన్లు. డిస్కు పలకలేదు, గడువు దాటింది. క్లస్టర్ డేటాబేస్‌ను ఆపబోయింది. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ పద్ధతిగా ఆగాలంటే చెక్‌పాయింట్ రాయాలి (మెమరీలో ఉన్న మార్పులన్నీ డిస్కు మీదికి దించాలి), రాయడానికి మళ్లీ అదే డిస్కు కావాలి. ఆపడానికి మేమిచ్చిన 60 సెకన్లూ అలాగే కరిగిపోయాయి. అప్పుడు క్లస్టర్ తన దగ్గరున్న చివరి ఆయుధం తీసింది: రెండో సర్వర్ మొదటి సర్వర్‌ను కరెంటు తీసి పడగొట్టింది. ఇంకో పావు నిమిషం, అర నిమిషం ఓపిక పట్టి ఉంటే దారులు తిరిగి తెరుచుకునేవి. దానికి బదులు రెండో సర్వర్‌లో క్రాష్ రికవరీ నడిచి, సేవ తిరిగి అందుబాటులోకి వచ్చేసరికి 11 నిమిషాలైంది. ఇలా అవతలి సర్వర్‌ను పడగొట్టడాన్ని ఫెన్సింగ్ అంటారు, అంటే కంచె వేయడం. కంచే చేను మేసింది.

అధిక లభ్యత కోసం రెండు సర్వర్లు పెట్టుకుంటాం కానీ ఆ రెండూ కూర్చున్నది ఒకే కొమ్మ మీద. సర్వర్ పోతే ఫెయిలోవర్ మందు. కొమ్మనే మార్చేటప్పుడు అది మందు కాదు, చాలాసార్లు అదే జబ్బు. అందుకే పద్ధతిని ఎంచుకునేటప్పుడు ‘ఎంతసేపు ఆగుతుంది’ అన్న లెక్క కంటే ముందు నేను రెండు సంగతులు తేల్చుకుంటాను. పని సగంలో ఉండగా ఏదైనా చెడితే, డేటా మొత్తం ఉన్న ఒక కాపీ ఎక్కడుంటుంది? ఆ గంటల్లో ఫెయిలోవర్ నిర్ణయం క్లస్టర్‌దా, మనిషిదా?

కింద చెప్పేదంతా లినక్స్, పేస్‌మేకర్, ఎల్‌వీఎం (డిస్కులను ఒక వాల్యూమ్ గ్రూపుగా కలిపి పంచే లినక్స్ సాధనం), పోస్ట్‌గ్రెస్‌తో నడిచే రెండు సర్వర్ల క్లస్టర్‌ను దృష్టిలో పెట్టుకుని. వేరే సరంజామా ఉన్నవారికి పేర్లు మారతాయి, చిక్కులు మాత్రం ఇవే.

మొత్తం ఆపేసి చేయడం

దీన్ని చిన్నచూపు చూడకండి. ఏడాదికి 99.9 శాతం లభ్యత అంటే 8 గంటల 45 నిమిషాలు ఆగడానికి చోటుంది. 99.99 అంటే ఏడాది మొత్తానికి 52 నిమిషాలే. మీరు మాటిచ్చింది మొదటి అంకె అయితే, పైగా ముందే ప్రకటించిన ఆపుదలను ఒప్పందం లెక్కలోకి తీసుకోకపోతే, గంటన్నర ఆపి ప్రశాంతంగా చేసుకోవడమే తెలివైన పని. అప్లికేషన్, డేటాబేస్, మౌంట్, వాల్యూమ్ గ్రూప్ వరుసగా దించి, రెండు సర్వర్లలోనూ క్లస్టర్‌ను ఆపి, ఆ తర్వాతే బాక్సు జోలికి వెళ్లాలి. తిరిగి లేపేటప్పుడు డిస్కులన్నీ, వాటి దారులన్నీ రెండు సర్వర్లకూ కనిపించాయని చూశాకే క్లస్టర్‌ను లేపాలి. ఇందులో సగంలో చిక్కుకునే స్థితి దాదాపు లేదు. రాసేవాళ్లు ఎవరూ లేని డిస్కు మీద పని కదా.

ఒక్క సంగతి మాత్రం స్టోరేజ్ కంపెనీని లిఖితపూర్వకంగా అడగండి: కొత్త ఫర్మ్‌వేర్ నుంచి పాతదానికి తిరిగి రావచ్చా? చాలా బాక్సుల్లో రాలేరు. అప్పుడు మీ వెనకదారి బ్యాకప్ ఒక్కటే. దాన్ని వేరేచోట తెరిచి చూసి ఎన్నాళ్లైందో గుర్తుచేసుకోండి.

నడుస్తుండగానే ఒక్కో కంట్రోలర్

కాగితం మీద ఇదే అన్నిటికంటే అందమైన పద్ధతి. ‘సేవకు అంతరాయం ఉండదు’ అని కంపెనీ పత్రంలో రాసి ఉంటుంది. ఆ మాట బాక్సు వరకే నిజం. సర్వర్ వైపు గడియారాల గురించి ఆ పత్రానికి తెలియదు.

మాకు ఆ రెండు నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయంటే, మాది ఐస్కజీ, అంటే నెట్‌వర్క్ మీదుగా డిస్కు అందించే పద్ధతి. లినక్స్‌లో ఐస్కజీ సెషన్ తెగితే, తిరిగి అతుక్కుంటుందేమోనని డిఫాల్టుగా 120 సెకన్లు ఎదురుచూస్తుంది. ఆ తర్వాతే ‘ఈ దారి పోయింది’ అని, ఒకే డిస్కుకు ఉన్న పలు దారులను చూసుకునే మల్టీపాత్‌కు చెబుతుంది. పక్కన మూడు దారులు తెరిచి ఉన్నా సరే, ఆ దారిలో ఇరుక్కున్న రాతలు అంతసేపూ ఇరుక్కునే ఉంటాయి. మల్టీపాత్ లేని రోజుల్లో ఆ ఓపిక మంచిదే. మల్టీపాత్ ఉన్నప్పుడు ఈ అంకెను బాగా తగ్గించాలి. ఎంతకు తగ్గించాలో మీ బాక్సు తయారీదారు ఇచ్చే సర్వర్ సెట్టింగుల పత్రంలో ఉంటుంది. ఫైబర్ ఛానల్‌లో (స్టోరేజ్ కోసమే వాడే మరో నెట్‌వర్క్) ఇదే పనిని ఫాస్ట్ ఐఓ ఫెయిల్ గడువు చేస్తుంది.

దారులన్నీ ఒకేసారి మూసుకుపోతే ఏం చేయాలన్నది మరో గడియారం. మల్టీపాత్‌లో నో పాత్ రిట్రై అనే సెట్టింగు ఉంది. ‘క్యూ’ అని పెడితే రాతలు అనంతంగా వేచి ఉంటాయి, ‘ఫెయిల్’ అని పెడితే వెంటనే ఎర్రర్ వస్తుంది. డేటాబేస్ ఉన్నచోట ఎర్రర్ కంటే నిరీక్షణే మేలు. 2019 మొదట్లో వచ్చిన విడుదలల నుంచి పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ (రాసింది డిస్కుకు చేరిందని ఖాయం చేసుకునే పిలుపు) విఫలమైతే మళ్లీ ప్రయత్నించదు, పానిక్ అయి పడిపోయి లాగ్ నుంచి కోలుకుంటుంది. అది సరైన ప్రవర్తనే, కానీ ఆ రాత్రి మీకు అక్కర్లేనిది. అలాగని అనంత నిరీక్షణా ప్రమాదమే, ఇరుక్కుపోయిన ప్రాసెస్‌ను ఎవరూ చంపలేరు. నేను పెట్టేది 24. ఐదు సెకన్లకోసారి చూస్తుంది గనుక 120 సెకన్లు వేచి ఉంటుంది.

క్లస్టర్ తనిఖీ గడువు వీటన్నిటికంటే పెద్దదిగా ఉండాలి. మాది తలకిందులుగా ఉంది: కింద 120, పైన 40. ఆరాకిల్ వారి డేటాబేస్ క్లస్టర్ ఆర్‌ఏసీని చూడండి. నోడ్ల (సర్వర్ల) మధ్య పలకరింపు ఆగితే 30 సెకన్లలో తేల్చేస్తుంది, డిస్కు విషయంలో మాత్రం 200 సెకన్ల వరకు ఓపిక పడుతుంది. డిస్కు ఆలస్యం, సర్వర్ చావు ఒకటి కావని దాన్ని రాసినవాళ్లు ముందే అనుకున్నారు. పేస్‌మేకర్‌లో ఆ తేడాను మనమే పెట్టుకోవాలి.

ఈ పద్ధతి ఎంచుకుంటే వారం ముందు, రద్దీ లేని వేళ, ఒక కేబుల్ మీరే పీకి చూడండి. స్విచ్‌లో పోర్టు మూసినా చాలు. రాతలు ఎన్ని సెకన్లు నిలిచాయో గడియారం పెట్టి కొలవండి. 10 సెకన్ల లోపు అయితే ముందుకు వెళ్లవచ్చు. 60 దాటితే ముందు ఆ చిక్కు విప్పండి, అప్‌గ్రేడ్ ముహూర్తం తర్వాత పెట్టుకోవచ్చు. కేబుల్ పీకడానికి భయమేస్తోందంటే, కంట్రోలర్ రీబూట్ కావడానికి ఇంకెంత భయపడాలి?

కొత్త బాక్సు వస్తే: సర్వర్ వైపు నుంచి తరలింపు

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు, ఎందుకంటే పీవీమూవ్ అనే ఆదేశం అంత సులభంగా కనిపిస్తుంది. కొత్త డిస్కును వాల్యూమ్ గ్రూపులో చేర్చి, పీవీమూవ్ కొట్టి, టీ తాగి వస్తే డేటా ఇటు వచ్చేసి ఉంటుంది. నిజమే, వస్తుంది. కానీ దారి మధ్యలో ఏముంది? 6 టీబీ డేటా సెకనుకు 200 ఎంబీ చొప్పున కదిలితే 8 గంటల 20 నిమిషాలు. మామూలుగా ఆ ఎనిమిది గంటల్లో మీ ఫైల్‌సిస్టమ్ కొంత పాత బాక్సులో, కొంత కొత్త బాక్సులో ఉంటుంది. ఏ బాక్సు పడిపోయినా మొత్తం పోయినట్టే. రెండు బాక్సులున్నా భద్రత పెరగకపోగా ప్రమాదం రెట్టింపైంది. నా మొదటి ప్రశ్నకు పీవీమూవ్ ఇచ్చే జవాబు ‘పూర్తి కాపీ ఎక్కడా లేదు’ అని. పని ముగిశాక కూడా పాత బాక్సులో మిగిలేది పనికిరాని అచ్చు మాత్రమే.

దానికి బదులు అదే ఎల్‌వీఎంలో ఎల్‌వీకన్వర్ట్ ఆదేశంతో వాల్యూమ్‌ను రైడ్1 (ఒకే డేటా రెండు చోట్ల) చేయండి. ఒక కాలు పాత బాక్సులో, రెండో కాలు కొత్త బాక్సులో. సింక్ అయ్యేంతవరకు పాత కాలు పూర్తిగా ఉంటుంది, అయ్యాక రెండూ పూర్తిగా ఉంటాయి. కొత్త బాక్సు మధ్యలో చతికిలబడితే పాతదాని మీద బండి నడుస్తూనే ఉంటుంది. సింక్ వేగానికి పై హద్దు పెట్టవచ్చు, పగటి వేళ జనానికి భారం కాకుండా. తీసుకునే సమయం పీవీమూవ్ అంతే, పెట్టే ఆదేశాలు ఒకటో రెండో ఎక్కువ. ప్రతి రాతా రెండు బాక్సుల్లో నెమ్మదైనదాని కోసం ఆగుతుందన్నది ఒక్కటే దీని ఖరీదు. ఆ ఖరీదు ఒక వారం భరించి, నెలాఖరు జీతాల పని, బిల్లింగ్ వంటివి ఏవైనా ఉంటే అవి కొత్త బాక్సు మీద కూడా నడిచాక పాత కాలు తీసేయమంటాను.

మొదలుపెట్టే ముందు సెక్టారు (డిస్కు ఒకసారి రాసే కనీస ముక్క) పరిమాణం చూడండి. పాత డిస్కు 512 బైట్లు, కొత్తది 4096 బైట్లు చెబితే, 512 మీద తయారైన ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ కొత్త డిస్కు మీద మౌంట్ కాదు. నడుస్తున్నంతసేపూ తెలియకుండా, మళ్లీ మౌంట్ చేసినప్పుడు, అంటే సరిగ్గా ఫెయిలోవర్ వేళ బయటపడే రకం ఇది. కొత్త ఎల్‌వీఎం ఇలాంటి డిస్కులను ఒకే గ్రూపులో చేర్చడానికి డిఫాల్టుగా ఒప్పుకోదు. ఒప్పించే సెట్టింగు ఒకటుంది, దాని జోలికి వెళ్లకండి. కొత్త బాక్సులోనే ఆ డిస్కును 512గా చూపించమని అడగండి.

బాక్సు నుంచి బాక్సుకు ప్రతిరూపం

ఇరవై ముప్పై సర్వర్లు, వందల డిస్కులు ఉన్నవారికి ఇదే దారి. అన్ని సర్వర్లలో కూర్చుని రైడ్1లు కట్టడం అయ్యే పని కాదు. ఒకే తయారీదారు బాక్సులైతే సులువు, వేరువేరైతే దిగుమతి సదుపాయం ఉందేమో చూడాలి. నెట్‌యాప్ బాక్సులు ఇతర కంపెనీల డిస్కులను తమలోకి తెచ్చుకోగలవు. మార్పిడి క్షణంలో మాత్రం సాధారణంగా కొద్దిసేపు ఆపక తప్పదు.

క్లస్టర్ ఉన్నవారు మరచిపోయేవి రెండు. ప్రతిరూపం బ్లాకులను మోసుకెళ్తుంది, రిజర్వేషన్లను (ఏ సర్వర్ రాయవచ్చో చెప్పే డిస్కు తాళాలను) కాదు. మీ ఫెన్సింగ్ స్కజీ రిజర్వేషన్ల మీద నడుస్తుంటే, కొత్త డిస్కుల మీద తాళాలు మళ్లీ వేయాలి. లేకపోతే మీ కంచె కాగితం మీదే ఉంటుంది. ఇక పాత, కొత్త డిస్కులు రెండూ ఒకే సర్వర్‌కు ఒకేసారి కనిపించకూడదు. రెండింటిలోనూ ఒకే గుర్తింపు ఉంటుంది గనుక ఎల్‌వీఎం నకిలీలున్నాయని మొరాయిస్తుంది.

డేటాబేస్ స్థాయిలో కొత్త ఇల్లు

కొత్త బాక్సుతో పాటు కొత్త సర్వర్లు కూడా వస్తుంటే నేను ఇంకేమీ ఆలోచించను. పక్కనే కొత్త క్లస్టర్ కట్టి, పోస్ట్‌గ్రెస్ స్ట్రీమింగ్ రెప్లికా (ప్రతి మార్పునూ వెంటవెంటనే అందుకునే కాపీ) పెట్టి, అది సమానంగా వచ్చాక ఒక రాత్రి పాత ప్రైమరీని (రాతలు తీసుకునే అసలు డేటాబేస్‌ను) పద్ధతిగా ఆపి, కొత్తదాన్ని ప్రైమరీ చేస్తాను. ఆగేది సెకన్లు, లేదా కొద్ది నిమిషాలు. అన్నిటికంటే నాకు నచ్చేది వెనకదారి: చివరి రాత వరకు పంపించి శుభ్రంగా ఆగిన పాత ప్రైమరీని అక్కడే రెప్లికాగా తగిలించవచ్చు. వారం తర్వాత కొత్త బాక్సు నచ్చకపోయినా, ఆ వారం రోజుల డేటా పోకుండా వెనక్కి రావచ్చు. మిగిలిన ఏ పద్ధతిలోనూ ఈ వెసులుబాటు ఇంత చౌకగా దొరకదు.

ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మారుతుంటే ఒక గుంట ఉంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) 2.28లో అక్షరక్రమం మారింది. రెడ్‌హ్యాట్ లినక్స్ 7 నుంచి 8కి వెళ్లేవారు దీన్ని దాటాల్సిందే. స్ట్రీమింగ్ రెప్లికా ఇండెక్సులను బైటు బైటుగా మోసుకొస్తుంది, కొత్త యంత్రం వాటిని కొత్త క్రమంలో చదువుతుంది. ఎర్రర్ ఏదీ రాదు, ఉన్న పేరు వెతికితే లేదంటుంది. టెక్స్ట్ ఇండెక్సులను తిరిగి కట్టే సమయం ప్రణాళికలో వేసుకోండి.

అయితే ఏది?

ఫర్మ్‌వేర్ మాత్రమే మారుతుంటే, కేబుల్ పరీక్షలో నెగ్గినవారు నడుస్తుండగా చేయవచ్చు, మిగిలినవారు ఆపి చేయాలి. కొత్త బాక్సు, పాత సర్వర్లు, పది టీబీల లోపు డేటా: రైడ్1. కొత్త బాక్సు, కొత్త సర్వర్లు: రెప్లికా. డిస్కులు వందల్లో ఉంటే బాక్సు ప్రతిరూపం. పీవీమూవ్ పరీక్షల కోసం పెట్టుకున్న క్లస్టర్‌కు, అదీ బ్యాకప్ చేతిలో ఉంటే.

రాత్రంతా రాతలు జోరుగా పడే డేటాబేస్‌కు రైడ్1 నెమ్మది భరించలేనిదైతే, పాత సర్వర్లే అయినా రెప్లికా దారి చూడమంటాను. తాత్కాలికంగా రెండు సర్వర్లు అద్దెకు తెచ్చుకోవలసి వచ్చినా సరే.

ఆ గంటల్లో క్లస్టర్ సంగతి

ఏ పద్ధతి ఎంచుకున్నా, క్లస్టర్ నడుస్తుండగా స్టోరేజ్‌ను ముట్టుకునే వేళ పేస్‌మేకర్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లో పెడతాను. ఒక నోడ్‌ను స్టాండ్‌బైలో పెట్టడం దీనికి బదులు కాదు. స్టాండ్‌బై అంటే రెండో సర్వర్‌కు సెలవిచ్చినట్టు. మొదటి సర్వర్ మీద తనిఖీలు నడుస్తూనే ఉంటాయి, ఆలస్యమైతే డేటాబేస్‌ను ఆపడానికి పూనుకుంటాయి. మెయింటెనెన్స్ మోడ్‌లో మాత్రం సేవలు ఉన్నచోట ఉంటాయి, క్లస్టర్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

చేతులు కట్టుకున్న క్లస్టర్ నిజమైన ప్రమాదంలోనూ కదలదు. అందుకే ఆ గంటల్లో ఒక మనిషి, వేరే పనేదీ లేకుండా, ఫెయిలోవర్ చేతితో చేసే వరుస కాగితం ముందు పెట్టుకుని కూర్చోవాలి. ఆ కాగితంలో మొదటి వాక్యం ‘మొదటి సర్వర్ పవర్ ఆగిందని దాని మేనేజ్‌మెంట్ పోర్టులో కళ్లారా చూడు’ అని ఉండాలి. పింగ్ రాకపోవడం ఆగినట్టు కాదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ గానీ ఎక్స్‌టీ4 గానీ రెండు సర్వర్లలో ఒకేసారి మౌంట్ అయితే పాడయ్యేది డేటా, దానికి ఫెయిలోవర్ లేదు.

ఎస్‌బీడీ (డిస్కు ద్వారా సందేశం పంపి ఫెన్సింగ్ చేసే సాధనం) వాడేవారికి ఇంకొక మాట. ఎస్‌బీడీ తన సందేశాల కోసం వాడే చిన్న డిస్కు తరచుగా మీరు మార్చబోయే ఆ బాక్సులోనే ఉంటుంది. మెయింటెనెన్స్ మోడ్ పేస్‌మేకర్‌ను ఆపుతుంది కానీ వాచ్‌డాగ్‌ను (పలకరింపు ఆగితే సర్వర్‌ను రీబూట్ చేసే గడియారాన్ని) ఆపదు. కొత్త బాక్సులో ఎస్‌బీడీ డిస్కు ముందే తయారుచేసి, క్లస్టర్‌కు చూపించి, పాతదాన్ని విడిపించాకే పని మొదలుపెట్టండి. కుదిరితే మూడు వేర్వేరు చోట్ల మూడు డిస్కులు పెట్టుకోండి, ఒకటి పోయినా మెజారిటీ మిగులుతుంది.

పని ముగిశాక మోడ్ తీసేయడానికి తొందరపడకండి. ముందు పాత వైఫల్యాల చిట్టా తుడిచి, సీఆర్‌ఎం సిమ్యులేట్ నడిపి, ‘ఇప్పుడు పగ్గాలు ఇస్తే ఏం చేస్తావు’ అని క్లస్టర్‌నే అడగండి. ఏ సేవనూ కదపను అని జవాబు వస్తేనే ఇవ్వండి.

ఆ తర్వాత కూడా పాత బాక్సును లారీ ఎక్కించకండి. రెడ్‌హ్యాట్ 9 నుంచి ఎల్‌వీఎం ఏ డిస్కులను చూడాలో ఒక జాబితా ఫైలులో రాసి ఉంచుతుంది, ఆ ఫైలు సర్వర్‌కొకటి. మొదటి సర్వర్‌లో కొత్త డిస్కును చేర్చినప్పుడు అక్కడి జాబితా మారుతుంది, రెండో సర్వర్ జాబితాలో పాత పేరే ఉంటుంది. పాత డిస్కు తీసేశాక రెండో సర్వర్‌కు ఆ వాల్యూమ్ గ్రూపు అసలు లేనట్టే. మొదటి సర్వర్ హాయిగా నడుస్తుంటుంది గనుక ఎవరికీ తెలియదు, మూడు నెలల తర్వాత ఏ మదర్‌బోర్డో కాలిపోయే వరకు. మల్టీపాత్ పెట్టే ముద్దుపేర్లదీ అదే కథ, ఒక సర్వర్‌లోని ఎంపాత్ఏ రెండో సర్వర్‌లో వేరే డిస్కు కావచ్చు.

కాబట్టి పాత బాక్సు ఇంకా ర్యాకులో ఉండగానే, ఒక ఆదివారం పొద్దున అందరికీ చెప్పి, రెండో సర్వర్ మీదికి కావాలనే ఫెయిలోవర్ చేయండి. ఒక రోజంతా అక్కడే నడవనిచ్చి, మళ్లీ మొదటిదాని మీదికి తెండి. మేము అలా చేసిన రోజే మా రెండో సర్వర్ జాబితా పాతదని తెలిసింది. ఒక్క వరుస చేర్చడంతో సరిపోయింది, ఎందుకంటే అది ఆదివారం పొద్దున, మొదటి సర్వర్ బతికే ఉంది.